ఓక్ చెట్టు ఇక్కడివాళ్ళకు మన రావిచెట్టు లాంటిదా? ఎకార్న్‌లు ఇంట్లో పెట్టుకోవచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఇంగ్లండ్‌కు వచ్చాక ఇది మీకు మొదటి అక్టోబరు. మీ బాబు స్కూల్ నుంచి జేబు నిండా ఎకార్న్‌లు, అంటే ఓక్ కాయలు, తెచ్చి కిటికీ గట్టు మీద వరసగా పేర్చాడు. ఇంటి మీద పిడుగు పడకుండా అవి కాపాడతాయని టీచర్ చెప్పిందట. చూస్తే మీ అద్దింట్లో బ్లైండ్స్ తాడు చివరా అదే ఆకారం, మెట్ల పక్క కొయ్య స్తంభం మీదా అదే. ఓక్ వీళ్ళకు మన రావిలా పూజ చేసే చెట్టా? ఆ కాయలు ఇంట్లో ఉంటే మంచిదేనా? వచ్చే వేసవిలో ఊరెళ్ళేటప్పుడు నాలుగు పట్టుకెళ్ళి నాటుకోవచ్చా?

ముందు సూటిగా చెప్పేస్తాను. ఒకప్పుడు యూరప్‌లో చాలాచోట్ల ఓక్ ఉరుముల దేవుడి చెట్టు. ఇప్పుడు దానికి పూజా పునస్కారాలేమీ లేవు. రావిచెట్టుతో పోల్చి చూస్తే మీకు సగమే అర్థమవుతుంది. మన ఊరి రచ్చచెట్టుతో పోల్చండి, సరిపోతుంది. హక్కు అడగాలన్నా, ప్రమాణం చేయాలన్నా, పొలిమేర గుర్తు పెట్టుకోవాలన్నా వీళ్ళు వెళ్ళి నిలబడింది ఓక్ కిందే. కాయలు ఇంట్లో ఉంచుకోండి, ఏ దోషమూ లేదు. కుక్కను పెంచుతుంటే మాత్రం దానికి అందనివ్వకండి. ఊరికి పట్టుకెళ్ళడం వద్దు, ఎందుకో చివర్లో చెప్తాను.

నా పని ఇక్కడ చెట్ల సర్వే. రోడ్ల పక్కన, పార్కుల్లో, పాత ఎస్టేట్లలో ఏ చెట్టు కూలేలా ఉంది, ఏ కొమ్మ కొట్టించాలి, దేన్ని దాని మానాన వదిలేయాలి అని చూసి రిపోర్టు రాయడం. సెలవు రోజుల్లో తెలుగు కుటుంబాలను దగ్గర్లోని అడవుల్లో తిప్పి చూపిస్తుంటాను. అందుకే ఈ ప్రశ్న నాకు కొత్త కాదు.

పిడుగు సంగతి ముందు చూద్దాం, మీ కిటికీలో ఉన్నది అదే కాబట్టి. గ్రీకుల జ్యూస్, రోమన్ల జూపిటర్, జర్మన్ తెగల డోనార్, స్లావుల పెరూన్, లిథువేనియా వాళ్ళ పెర్కూనాస్. వీళ్ళంతా ఉరుము, పిడుగు చేతిలో ఉన్న దేవుళ్ళు, అందరి చెట్టూ ఓక్. ఇది ఉత్త కాకతాళీయం కాదని నా నమ్మకం, ఎందుకంటే పిడుగు తిన్న ఓక్‌లు నాకు పనిలో తరచూ ఎదురవుతాయి. పొలం మధ్యలో ఒంటరిగా, చుట్టుపక్కల అన్నిటికన్నా ఎత్తుగా ఉండే చెట్టు అది. బెరడు గరుకు, లోతైన పగుళ్ళు. బీచ్ లాంటి నున్నటి చెట్టయితే వానకు ఒళ్ళంతా తడిసి, కరెంటు ఆ నీటి పొర మీదుగా జారి భూమిలోకి పోతుంది. ఓక్‌లో అలా కాకుండా లోపలి పచ్చి చెక్కలోంచి పోతుంది. లోపలి రసం ఒక్క క్షణంలో ఆవిరై బెరడును పేల్చేస్తుంది. చెట్టు తల నుంచి మొదలు దాకా, కాస్త మెలిక తిరుగుతూ, అరచేయి వెడల్పున తెల్లటి చార మిగులుతుంది. పేలిన బెరడు ముక్కలు పది పదిహేను గజాల దూరంలో పడి ఉండటం చూశాను. అంత జరిగాక కూడా చాలా ఓక్‌లు చావవు. రెండు వైపుల నుంచీ కొత్త బెరడు పెదవుల్లా మందంగా పెరుగుతూ వచ్చి ఆ గాయాన్ని మూసేస్తుంది. పిడుగును పిలిచేదీ ఇదే, తట్టుకుని నిలబడేదీ ఇదే. పాతకాలం మనిషికి అది దేవుడి చెట్టుగా తోచిందంటే ఆశ్చర్యమేముంది?

చెట్టు అలాంటిదైతే దాని కాయను ఇంట్లో ఉంచితే పిడుగు ఇల్లు దాటిపోతుందన్నది వీళ్ళ పాత నమ్మకం. కిటికీ దగ్గర పెట్టే కాయ క్రమంగా బ్లైండ్స్ తాడు చివర చెక్క బొమ్మయింది. ఉరిమినప్పుడు మన పెద్దవాళ్ళు "అర్జునా, ఫల్గుణా" అనుకుంటారు కదా, అలాంటిదే అనుకోండి. ఉత్తర యూరప్ వాళ్ళ ఉరుముల దేవుడు థోర్ తుపానులో ఓక్ కింద తలదాచుకున్నాడు కాబట్టి ఇలా చేస్తారని ఇంటర్నెట్ నిండా రాస్తుంటారు. అది నమ్మకండి. పాత ఐస్‌లాండ్ కథల సంపుటి ఎడ్డాలో, నది దాటుతూ కొట్టుకుపోబోయిన థోర్‌ను కాపాడిన చెట్టు రోవన్, ఓక్ కాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఓక్ పిడుగును లాగుతుంది, దాని కిందకు పోవద్దు అని ఇంగ్లిష్ వాళ్ళ పాత పాట. జర్మన్ వాళ్ళది ఇంకో అడుగు ముందుకెళ్ళి, ఓక్‌ను వదిలి బీచ్ కిందకు పొమ్మంటుంది. మొదటి సగం నిజం, రెండో సగం ప్రాణాంతకం. ఉరుములప్పుడు ఏ చెట్టు కిందా నిలబడకూడదు. బాబుకు ఎకార్న్ కథతో పాటు ఇది కూడా చెప్పండి.

డ్రూయిడ్ల గురించి, అంటే ప్రాచీన కెల్ట్ తెగల పూజారుల గురించి, కూడా అడిగారు. తెల్లటి అంగీ, బంగారు కొడవలి, ఓక్ అడవిలో పూజ. ఈ దృశ్యం దాదాపు మొత్తంగా ఒకే ఒక్క మనిషి రాతల నుంచి వచ్చింది. ఆయన క్రీ.శ. 1వ శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ. గాల్ దేశపు (ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతం) పూజారులు ఓక్ మీద మొలిచిన మిసిల్‌టోను, అంటే మన బదనికలాంటి పరాన్న మొక్కను, చాంద్రమాసంలో ఆరో రోజున బంగారు కొడవలితో కోసి, తెల్లబట్టలో పట్టి, రెండు తెల్ల ఎద్దులను బలి ఇచ్చేవారని రాశాడు. డ్రూయిడ్లు తమ గురించి తాము రాసుకున్న ముక్క ఒక్కటీ లేదు. ఆ కథలో ఒక చిన్న సంగతి మాత్రం నా అనుభవానికి సరిగ్గా అతుకుతుంది. మిసిల్‌టో ఆపిల్, పాప్లర్, లైమ్ చెట్ల మీద (ఈ లైమ్ నిమ్మచెట్టు కాదు) గుత్తులు గుత్తులుగా పెరుగుతుంది. ఓక్ మీద మాత్రం బహు అరుదు. అరుదు కాబట్టే అది దొరికిన రోజు వాళ్ళకు పండగ అయి ఉంటుంది. అంతకు మించి డ్రూయిడ్ల పేరుతో అమ్మే "ఎకార్న్ శక్తి" లాకెట్లు, "ఓక్ రాశి ఫలాలు" అన్నీ ఇటీవలి సరుకు. లాకెట్ బాగుంటే కొనుక్కోండి, శక్తికి మాత్రం డబ్బు పెట్టకండి.

గట్టి ఆధారం ఉన్నది గ్రీసులో. వాయవ్య గ్రీసులో డొడోనా అనే చోట జ్యూస్ ఓక్ ఉండేది. దాని ఆకుల గలగలలో దేవుడి మాట వినేవారని ప్రతీతి. గ్రీకు కావ్యం ఇలియడ్‌లో అక్కడి పూజారులు కాళ్ళు కడుక్కోకుండా, నేల మీదే పడుకునేవారని ఉంది. జనం తమ ప్రశ్నను పలచటి సీసం రేకు మీద గీకి, చుట్టి ఇచ్చేవారు. అలాంటి రేకులు తవ్వకాల్లో వేలల్లో దొరికాయి. ఏ రాజ్యం గెలుస్తుంది అన్నవి తక్కువ. ఒకాయన తన దుప్పట్లు, దిండ్లు పోయాయి, బయటివాళ్ళెవరైనా ఎత్తుకుపోయారా అని జ్యూస్‌ను అడిగాడు. ఇంకొకాయన ఫలానా ఆవిడ కడుపులోని బిడ్డ తన బిడ్డేనా అని అడిగాడు. మన దగ్గర సోది చెప్పించుకునేవాళ్ళు అడిగేవీ ఇంచుమించు ఇవే కదా.

క్రైస్తవం వచ్చాక ఏమైంది? 723 ప్రాంతంలో బోనిఫేస్ అనే మతప్రచారకుడు జర్మనీలోని గైస్మార్ దగ్గర డోనార్ ఓక్‌ను గొడ్డలితో నరికాడు. పిడుగు పడి వాడు చస్తాడని జనం చుట్టూ చేరి చూశారంటారు. పడలేదు. ఆయన చరిత్ర రాసినవాడైతే, చిన్న గాటు పెట్టాడో లేదో గాలి వచ్చి చెట్టును నాలుగు సమాన ముక్కలుగా పడేసిందని కూడా చేర్చాడు. ఆ కలపతోనే అక్కడ సెయింట్ పీటర్ పేరున ప్రార్థనా మందిరం కట్టారు. చెట్టును నరికారు గాని దాని గౌరవాన్ని నరకలేకపోయారు. చర్చి దూలాలు ఓక్, చర్చి స్తంభాల తలల మీద చెక్కింది ఓక్ ఆకులు. ఇంగ్లండ్‌లో ఏటా ఊరి పొలిమేర చుట్టి వచ్చే ఊరేగింపు ఒక ఓక్ దగ్గర ఆగేది, అక్కడ ఫాదరీ బైబిలు చదివేవాడు. లండన్‌లో గాస్పెల్ ఓక్ అనే పేట పేరు అలా వచ్చిందే. నేను రచ్చచెట్టు అన్నది ఇందుకే. ఇక్కడి నుంచి ఓక్ కథ గుడి వదిలి ఊళ్ళోకి వస్తుంది, నాకు అసలు ఇష్టమైన భాగం ఇదే.

మీ వీధి చివర "రాయల్ ఓక్" అనే పబ్ ఉందన్నారు. ఆ పేరుతో దేశమంతటా వందల పబ్బులు ఉన్నాయి. కథ ఇదీ. 1651 సెప్టెంబరు 3న వూస్టర్ యుద్ధంలో, సింహాసనం కోసం పార్లమెంటు సేనతో తలపడి ఓడిన రెండో చార్లెస్ పారిపోయి, మూడు రోజుల తర్వాత ష్రాప్‌షైర్‌లో బాస్కొబెల్ అనే ఇంటి దగ్గర ఓక్ చెట్టెక్కి దాక్కున్నాడు. తోడు కర్నల్ కేర్‌లెస్ అనే సైనికుడు. తినడానికి రొట్టె, చీజ్. కింద పార్లమెంటు సైనికులు పొదలు వెతుకుతుంటే పైన రాజుగారు అలిసిపోయి ఆ కర్నల్ మీద తల వాల్చి కునుకు తీశాడు. తొమ్మిదేళ్ళ తర్వాత, 1660 మే 29న, తన ముప్ఫయ్యో పుట్టినరోజున రాజుగా లండన్‌లో అడుగుపెట్టాడు. ఆ రోజును ఓక్ యాపిల్ డే అని పండగ చేశారు. 1859 దాకా అది ప్రభుత్వ సెలవు. ఆ రోజు చొక్కాకు ఓక్ ఆకు పెట్టుకోని పిల్లల కాళ్ళ మీద మిగతా పిల్లలు దురదగొండి లాంటి నెటిల్ ఆకులతో కొట్టేవారు. ఇక అసలు చెట్టు? జ్ఞాపకంగా తలో కొమ్మ విరుచుకుపోయి జనమే దాన్ని చంపేశారు. ఇప్పుడక్కడ ఉన్నది దాని సంతానం అంటారు.

రాజు కథ కన్నా నాకు విల్ట్‌షైర్‌లోని గ్రేట్ విష్‌ఫర్డ్ అనే చిన్న ఊరి సంగతి ఇష్టం. అదే మే 29న ఆ ఊరివాళ్ళు తెల్లవారకముందే చప్పుళ్ళు చేస్తూ ఊరంతా లేపి, గ్రోవ్లీ అడవికి పోయి ఓక్ కొమ్మలు తెచ్చుకుంటారు. తర్వాత సాల్స్‌బరీ కెథీడ్రల్‌కు వెళ్ళి "గ్రోవ్లీ, గ్రోవ్లీ, గ్రోవ్లీ అంతా!" అని అరుస్తారు. ఆ అడవిలో కట్టెలు ఏరుకునే హక్కు తమదని చాటడం అన్నమాట. 1603లో రాసుకున్న ఒప్పందం అది. ఏటా వెళ్ళి గట్టిగా అడగకపోతే హక్కు పోతుందన్న భయం ఆ కేకలో ఉంది. పైకి చూస్తే ఆకులు పట్టుకుని చిందులు వేసే జాతర. లోపల మాత్రం పోడు హక్కుల పోరాటం లాంటి పట్టుదల.

ఇదే సంగతి ఇంకా పెద్ద ఎత్తున చూడాలంటే స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతంలో గెర్నికాకు పోవాలి. అక్కడి ఓక్ కింద పాలకులు మీ హక్కులు, మీ కట్టుబాట్లు కాపాడతామని ప్రమాణం చేసేవారు. 1937 ఏప్రిల్ 26న ఆ ఊరిపై బాంబులు కురిశాయి. ఊరు బూడిదైంది, చెట్టు మిగిలింది. ఒక చెట్టు చచ్చిపోతే దాని కాయ నుంచి పెంచిన మరో చెట్టును అదే చోట నాటుతారు. ఇప్పుడున్నది 2015లో నాటినది. పాత చెట్టు మోడును పక్కనే చిన్న మండపంలో భద్రపరిచారు. వారసత్వం ఎకార్న్ ద్వారా నడుస్తుందన్నమాట, అచ్చం రాజవంశంలా.

ఇక ఎకార్న్ విషయం. దాని గుర్తింపు మొదట దేవుడితో కాదు, పందులతో. 1086లో ఇంగ్లండ్ రాజు వేయించిన లెక్కల పుస్తకంలో చాలా అడవులను ఎకరాల్లో కాక, ఎన్ని పందులను మేపగలవు అన్న లెక్కన రాశారు. దక్షిణ ఇంగ్లండ్‌లోని న్యూ ఫారెస్ట్ అడవిలో ఇప్పటికీ శరత్కాలంలో పందులను అడవిలోకి వదులుతారు. పచ్చి కాయల్లో టానిన్ అనే వగరు పదార్థం ఎక్కువ, గుర్రాలకూ పశువులకూ అది విషం. పందులు ఆ కాయలు తినేస్తే గుర్రాలూ పశువులూ బతుకుతాయి. కుక్క సంగతి మీకు ముందే చెప్పింది కూడా ఈ టానిన్ వల్లే.

చిన్న కాయ నుంచి మహావృక్షం అన్న సామెతను స్కూళ్ళలో తెగ వాడేస్తారు గాని, అసలు పాయింటు చిన్న పెద్ద కాదు, ఆలస్యం. ఓక్ కాపుకు రావడానికి దాదాపు 40 ఏళ్ళు. నాటినవాడు నీడ చూస్తాడేమో గాని కలప చూడడు. ఇంగ్లండ్ నౌకాదళ వీరుడు నెల్సన్ సహచరుడు అడ్మిరల్ కాలింగ్‌వుడ్ సెలవులో ఊళ్ళో తిరిగేటప్పుడు జేబులో ఎకార్న్‌లు వేసుకుని, ఖాళీ కనిపించిన చోటల్లా ఒకటి గుచ్చేవాడట, రేపటి యుద్ధనౌకలకు కలప ఉండాలని. అవి మానులయ్యేసరికి నౌకలు ఇనుపవి అయిపోయాయి.

ప్రేమ జాతకాలూ ఉన్నాయి. గిన్నెలో నీళ్ళు పోసి రెండు ఎకార్న్‌లు వేస్తారు, దగ్గరికి చేరితే పెళ్ళి, విడిపోతే లేదు. నా వృత్తిలో నీళ్ళలో తేలే ఎకార్న్ అంటే పుచ్చుదని అర్థం. ఆ లెక్కన పెళ్ళి జాతకం చెప్పేవన్నీ పుచ్చుకాయలే!

మీరు అడగలేదు గాని మన ఇళ్ళకు నిజంగా సంబంధం ఉన్న ఓక్ వస్తువు ఒకటుంది. ఒకసారి అడవి నడకలో ఓ కుటుంబంతో వచ్చిన పెద్దావిడ, ఓక్ రెమ్మకు అంటుకున్న గోళీకాయంత గోధుమరంగు ఉండను తుంపి, తిప్పి చూసి, "ఇది మాచికాయలా ఉందేంటి నాయనా?" అన్నారు. ఆవిడ చూపు సరైనదే. ఒక చిన్న కందిరీగ జాతి పురుగు మొగ్గలో గుడ్డు పెడితే చెట్టు దాని చుట్టూ కట్టే గూడు అది. పురుగు బయటకు పోయిన చోట గుండుసూది పట్టేంత గుండ్రటి రంధ్రం ఉంటుంది. పచారీ కొట్టులో, పసరు మందుల షాపులో మనం కొనే మాచికాయ కూడా అలాంటిదే. పేరులో కాయే గాని కాయ కాదు, పశ్చిమాసియా ఓక్ మీద పురుగు చేయించిన ఉండ. బాలింతలకూ పసిపిల్లలకూ అరగదీసి వాడిన ఇళ్ళు మనలో ఎన్నో. (చిన్నపిల్లలకు ఇప్పుడు డాక్టరును అడక్కుండా వాడకండి.) ఇంగ్లండ్‌లో కనిపించే ఈ గోళీలాంటి రకం కూడా ఇక్కడిది కాదు. సిరాకూ, రంగులకూ పనికొస్తుందని 1830ల ప్రాంతంలో తెప్పించారు. ఇలాంటి ఉండల పొడి, అన్నభేది, తుమ్మజిగురులాంటి జిగురు కలిపితే నల్లటి సిరా తయారవుతుంది. 1215 నాటి మాగ్నా కార్టా, అంటే ఇంగ్లండ్ పాత హక్కుల పత్రం, రాసింది అలాంటి సిరాతోనే. మన ముంగిట్లో పెరగని ఓక్, మన వంటింటి డబ్బాలోకి ఇలా చేరిందన్నమాట.

చివరగా మీ మూడో ప్రశ్న. ఎకార్న్‌లను ఇండియాకు పట్టుకెళ్ళకండి. నాటే విత్తనాలకు దిగుమతి పర్మిట్, ఇక్కడి నుంచి మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్ కావాలి. ఇవి లేకుండా సూట్‌కేసులో వేసుకుపోతే ఎయిర్‌పోర్టులో టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. పైగా ఎకార్న్ ఎండితే చచ్చిపోతుంది, వేసవి దాకా డబ్బాలో దాచిన కాయ మొలవదు. మొలిచినా ఇంగ్లిష్ ఓక్‌కు చలికాలపు నిద్ర కావాలి, కోస్తా ఉక్కకు అది తట్టుకోలేదు. ఓక్‌ను మన దేశంలోనే చూడాలనుకుంటే ఉత్తరాఖండ్ వెళ్ళండి, అక్కడ బాంజ్ అని సొంత జాతి ఉంది.

బాబుకు నాటాలని ఉంటే ఇక్కడే నాటించండి. ఈ వారమే కాయలను నీళ్ళలో వేసి తేలినవి పారేయండి. మునిగినవాటిని లోతైన కుండీలో అంగుళం లోతున పడుకోబెట్టి, ఉడతలు తవ్వకుండా పైన వల కట్టి, చలికాలమంతా బయటే వదిలేయండి. మొలక ఏప్రిల్, మే నెలల్లో పైకి వస్తుంది. వేరు మాత్రం అంతకు చాలా ముందే దిగుతుంది, కాబట్టి రాలేదని మధ్యలో గెలికి చూడనివ్వకండి. అద్దిల్లు కనుక నేలలో పెట్టేముందు ఓనర్‌ను అడగండి. ఇంటి గోడకు 20 మీటర్ల లోపు అయితే ఓనర్ ఒప్పుకున్నా నేను ఒప్పుకోను. బంకమట్టి నేలలో ఓక్ వేళ్ళు నీళ్ళు తాగేసి పునాదులు కుంగిన ఇళ్ళకు రిపోర్టులు రాసేది నేనే.